నష్టము వచ్చిన యేట వర్తకుని కొలత



మా తాతగారు వ్రాసిన ఆవర్జా పుస్తకమొకటి ఉస్మాన్‌గంజులోని మా కొట్టునందు నేటికిని భద్రముగా నున్నది. అందు ప్రతి పుటలోను సొమ్మునకు రెండు వరుసలు గీయబడియున్నవి. ఒక వరుస హాలీ సిక్కాకు, రెండవ వరుస కల్దారుకు. హాలీ సిక్కా నిజాము సంస్థానపు రూపాయి. కల్దారు బ్రిటిషు ఇండియా రూపాయి. మీలో కొందరు ఈ పేర్లను ఇంటి పెద్దల నోట వినియుందురు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. కావున సంస్థానము వెలుపలనుండి 100 కల్దారు రూపాయలకు సరుకు తెప్పించి, దానిని నగరమున 116 హాలీ రూపాయలకు అమ్మిన వర్తకుడు పదునాఱు రూపాయలు మిగిలినవని మురిసినచో మోసపోయెనన్నమాటే. ఆతనికి లాభము మాట యటుండగా, పది యణాలకు పైగా నష్టము వచ్చినది. ఏ నాణెముతో లెక్కించుచున్నామో తెలిసికొనక లాభనష్టములు చెప్పరాదని మా తాతగారు మా తండ్రిగారికి నేర్పిరట. ఆ మాటను నేను చిన్ననాటనే వింటిని గాని, అది నాకు పనికివచ్చినది 2020వ సంవత్సరమున.

మా గంజు మూసీనదికి ఉత్తరపు గట్టున, అఫ్జల్‌గంజునకును మొజంజాహీ మార్కెట్టునకును చేరువగా, బేగంబజారు నానుకొని యున్నది. 1911వ సంవత్సరమున పట్టమునకు వచ్చిన యేడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేర వెలసిన టోకు బజారిది. మాది పప్పుల కొట్టు. కందిపప్పు, మినపపప్పు, సెనగపప్పు, పెసరపప్పు బస్తాలలో తెప్పించి, బస్తాలుగానే అమ్మెదము. అమ్మకములో సగము హోటళ్లకును, విద్యార్థుల వసతిగృహములకును, పెండ్లిండ్ల వంటవారికిని పోవును. తక్కిన సగము జిల్లాల యందలి చిల్లర దుకాణదారులు కొనిపోవుదురు. ఇమ్లీబన్ బస్సు స్టేషను మాకు దగ్గర గనుక, వారు ఉదయమున దిగి, బేరము చేసికొని, సరుకు వేయించుకొని, సాయంకాలపు బస్సునకు తిరిగి పోవుట వాడుక.

2020 మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూ జరిగెను. ఆ దినముననే బస్సులు నిలిచిపోయెను. 25వ తేదీ మొదలు దేశమంతటను లాక్‌డౌను వచ్చెను. ఆ 25వ తేదీ మనకు ఉగాది. వికారి వెడలి శార్వరి వచ్చిన దినము. శార్వరి యనగా రాత్రి. పేరుపెట్టిన పూర్వులు మా గంజును తలచి పెట్టలేదు గాని, ఆనాడు నాకట్లే తోచినది. ఉగాదినాడు క్రొత్త పుస్తకమునకు పసుపు కుంకుమలు పెట్టి తొలి పద్దు వ్రాయుట మా యింటి యాచారము. పుస్తకము తెఱచితిని గాని వ్రాయుటకు పద్దు లేదు. ఆహారపదార్థముల దుకాణములకు అనుమతి యున్నమాట నిజమే. కాని హోటళ్లు లేవు, వసతిగృహములు ఖాళీ, పెండ్లిండ్లు ఆగినవి, బస్సులు లేవు. తలుపు తీయవచ్చును, లోనికి వచ్చువారే లేరు.

ఆ వారమున పరిగి వైపున వ్యవసాయము చేసికొను మా మేనమామగారు ఫోనుమీద క్షేమము అడిగి, నేను నష్టములు ఏకరువు పెట్టగా విని, తమ మాటలలో నిట్లనిరి: “అల్లుడా, కరువొచ్చిన యేడు పంటెంత అని ఎవరన్న అడుగుతరా? ఇత్తనం మిగిలిందా, గొడ్లు బతికినయా అని అడుగుతరు. నీ ఇత్తనమేందో జూసుకో.”

ఈ మాటనే నేను ఈ ప్రసంగమున విప్పి చెప్పదలచితిని. రైతు తెలిసికొన్నంతగా వర్తకుడు దీనిని తెలిసికొనలేదు. వర్షము లేని యేట పుట్లు లెక్కించుట నిష్ప్రయోజనమని మీరెఱుగుదురు. వర్తకుడు మాత్రము మంచి యేటను, చెడ్డ యేటను ఒకటే ప్రశ్న అడుగును: ఎంత మిగిలినది? ఆ ప్రశ్న తప్పు కాదు. అయితే చెడ్డ యేట దానికి వచ్చు జవాబు వర్తకుని గూర్చి యేమియు చెప్పదు. లోకమును గూర్చియే చెప్పును. మంచి యేటను గూడ అంతియే. 2020 అక్టోబరులో కందిపప్పు ధర హెచ్చెను. అంతకుముందు కొనియుంచిన బస్తాలపై నాకు లాభము వచ్చెను. అది నా తెలివి కాదు, నిదురపోయినను వచ్చునట్టి లాభము. మార్చిలో వచ్చిన నష్టమును నా తప్పు వలన గాదు. రెంటిని కలిపి, తీసివేసి, మిగిలిన యంకెను నా యోగ్యతగా చదువుకొనుట హాలీకిని కల్దారుకును భేదమెఱుగని లెక్క.

కావున ఆవర్జాలో లాభనష్టముల వరుస ప్రక్కన రెండవ వరుస గీయవలెనని తలచి, పుస్తకపు చివరి పుటలో కొన్ని కొలతలు వ్రాసికొంటిని. మొదట వ్రాసినవి రెండు చాల నవ్వుతెప్పించునవి. ఒకటి “ధైర్యముగా నుండుట.” రెండవది “ప్రక్క కొట్టువారికంటె మేలుగా నుండుట.” రెండు దినములు గడచిన పిమ్మట వీనిని కొట్టివేసితిని. ధైర్యమును సాయంకాలమున ఏ తక్కెడలో తూచెదను? ఉన్నదనుకొన్న దినమున ఉన్నది, లేదనుకొన్న దినమున లేదు. ప్రక్క కొట్టు మాటయందురా, ఆయన మునిగినచో నేను తేలినట్లగునా? మఱియు ఆయన పెట్టె లోపల నేమున్నదో నాకు తెలియదు. అందుచేత నొక నియమము పెట్టుకొంటిని. కొలత నా చేతిలోని పనిని గూర్చినదై యుండవలెను. దినాంతమున అంకెగా వ్రాయుటకు వీలుండవలెను. ముఖ్యముగా, దానిలో నేను ఓడిపోవుటకు చోటుండవలెను. ఓడుటకు చోటులేని కొలత కొలత కాదు, ఓదార్పు. ఓదార్పు చెడ్డదని యనను. దానిని పద్దు పుస్తకములో వ్రాయరాదు, అంతే.

నిలిచిన కొలతలు నాలుగు.

మొదటిది మాట. తాండూరు మిల్లులవారికి నేను బాకీయుంటిని. మీరెఱిగినట్లే తాండూరు కంది మన ప్రాంతమున పేరుపడినది. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు గూడ వచ్చినది. బాకీని గడువునకు తీర్చుట నా చేతిలో లేదు, ఎందుకన నాకు రావలసినది వచ్చుటలేదు. తీర్చలేనని గడువునకు ముందుగా చెప్పుట మాత్రము నా చేతిలోనే యున్నది. కావున కొలత యిది: నేను చెప్పకమునుపే ఎదుటివారు అడుగవలసివచ్చిన సందర్భములెన్ని? ఉండవలసిన యంకె సున్న.

రెండవది కూలి. హమాలీకి నెలజీతము లేదు, బస్తా లెక్కను కూలి. బస్తా కదలనినాడు కూలి లేదు. మా కొట్టును నమ్ముకొన్నవారు తొమ్మండుగురు. నలుగురు పాలమూరు వారు, అయిదుగురు ఉత్తరదేశమువారు. ప్రతి శనివారమున వారి యిండ్లకు వారమునకు సరిపడు బియ్యము, పప్పు, కొంత రొక్కము ఇచ్చుటయని నిశ్చయించి, తప్పిన శనివారములను లెక్కించితిని.

మూడవది ధర. కిలోకు రూపాయిన్నర లాభము వేసికొనుట మా కొట్టు మామూలు. లాక్‌డౌను మొదటి వారమున జనులు భయముతో ఏ ధర చెప్పినను కొనుటకు సిద్ధముగా నుండిరి. రూపాయిన్నరకు మించిన పద్దులెన్ని యని మూడవ కొలత.

నాలుగవది ఖాతాలు. పల్లెల యందలి 46 దుకాణములు మా యొద్ద ఉద్దెరకు కొనునవి. ఉద్దెర మొత్తమెంతయను లెక్క ఆవర్జాలో నెట్లును ఉన్నది. ఇచ్చట నేను లెక్కించినది మొత్తమును గాదు, మనుష్యులను. వచ్చు ఉగాదికి ఎందఱితో లావాదేవి నిలిచియుండునో అదియే మా మేనమామగారు చెప్పిన విత్తనమని నా యూహ.

వీనిని జూచి మా గుమాస్తా, “అయ్యగారూ, ఈ లెక్క బ్యాంకువారు ఒప్పుకొందురా?” యని యడిగెను. ఒప్పుకొనరు. ఇచ్చట నొక హెచ్చరిక చెప్పక తప్పదు. సొంత కొలతలు పెట్టుకొని, అసలు లెక్క చూచుట మానినవాడు మంచివాడనిపించుకొనుచునే మూలధనము తినివేయును. మూలధనము పోయిన వెనుక కూలియిచ్చుటకును, మాట నిలుపుకొనుటకును కొట్టే యుండదు. అందుచేత నాలుగు కొలతలకు పైన, కొట్టు ఎన్ని దినములు నిలుచునో తెలుపు లెక్క నొకదానిని ప్రతి నెల మొదట వేసితిని. దీనిని ఏ చిన్న దుకాణదారుడైనను, ఆ మాటకు వచ్చినచో ఏ గృహస్థుడైనను వేసికొనవచ్చును గనుక వివరించెదను. కిరాయి, కరెంటు, గుమాస్తా జీతము, వడ్డీ, ఇంటి ఖర్చు, ఇట్లు అమ్మకమున్నను లేకున్నను తప్పని ఖర్చు మాకు నెలకు 90,000 రూపాయలు. అనగా దినమునకు 3,000. ఏప్రిలు మొదట చేతనున్న రొక్కము 3,60,000. దీనిని 3,000తో భాగించినచో 120 దినములు.

అయితే ఇందులో నొక మోసమున్నది. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకువారు అప్పుల వాయిదాలకు మూడు నెలల విరామము ప్రకటించిరి. తరువాత దానిని ఆగస్టు 31 వఱకు పొడిగించిరి. నేనును ఆ విరామమును తీసికొంటిని. వాయిదా కట్టలేదు గనుక పెట్టెలో సొమ్ము మిగిలినట్లు కనబడును. వడ్డీ మాత్రము ఆగలేదు. చాలమంది తోటి వర్తకులు ఆ సొమ్మును జూచి తెప్పరిల్లిరి. అది మిగులు గాదు, రేపటి అప్పు. నేను మొదటి మూడు వాయిదాలకుగాను 60,000 విడిగా కట్టి, మిగిలిన 3,00,000తోనే లెక్క వేసితిని. 120 దినములు 100 అయ్యెను. ఇంటిలోనివారికి నేను చెప్పిన యంకె ఆ 100. డిసెంబరు నాటికది 31కి దిగెను. ఆ నెలలో నాకు నిద్ర సరిగా లేదు. మార్చి నాటికి మరల 58 అయ్యెను.

ఇప్పుడు నాలుగు కొలతల ఫలితములు.

ధర విషయమున రూపాయిన్నరకు మించిన పద్దు లాక్‌డౌను నెలలలో ఒక్కటియు లేదు. కాని అక్టోబరులో నొక చిక్కు వచ్చెను. తక్కువకు కొన్న పప్పు నా యొద్ద నున్నది, బజారు ధర హెచ్చినది. కొన్న ధరకు రూపాయిన్నర వేసి అమ్మినచో, ఆ సొమ్ముతో మరల అన్ని బస్తాలు కొనలేను. బజారు ధరకు అమ్మినచో నా కొలత తప్పును. విత్తనమునకు దాచిన గింజను తినరాదను న్యాయమున బజారు ధరకే అమ్మితిని. ఆ పద్దులన్నియు చివరి పుటలో తప్పినవిగా వ్రాసితిని. కొందఱు మిత్రులు అది తప్పు కాదందురు. నాకు మాత్రము నేటికిని ఆ పద్దు తేలలేదు.

ఆ నెలలోనే 13వ తేదీ రాత్రి నగరమున పెద్దవాన కురిసెను. మా గోదాములోనికి నీరు వచ్చి 18 బస్తాల మినుములు తడిసెను. ఆరబెట్టి, తడిసినవని చెప్పియే పశువుల దాణా వర్తకునకు అమ్మితిని. చెప్పకయే అమ్మవచ్చునని సలహా ఇచ్చినవారు గలరు. నష్టమంతయు ఆవర్జాలో నున్నది.

కూలి సంగతి. సెప్టెంబరులో బస్తాలు మరల ఒక తీరున కదలు వఱకు 23 శనివారములు గడచినవి. రెండు తప్పినవి. ఉత్తరదేశమువారు అయిదుగురును మే నెలలో తమ ఊళ్లకు పోయిరి. మే 1వ తేదీన లింగంపల్లినుండి జార్ఖండులోని హటియాకు మొదటి శ్రామిక రైలు నడచినప్పటినుండి వారి మనస్సు ఇచ్చట లేదు. పోవుదినమున నలుగురికి లెక్క తేల్చి పంపితిని. అయిదవవాడు చీకటితోనే బయలుదేరెను. ఆతని సొమ్ము ఆతని అన్నగారి బ్యాంకు ఖాతాకు చేర్చుటకు నాకు పదునొకండు దినములు పట్టినది. రైలులో ఆకలితో పోయెనేమో యని ఇప్పటికిని తలంపు వచ్చును. అదియు తప్పినట్లే వ్రాసికొంటిని.

ఖాతాలలో 46కు 39 నిలిచినవి. తక్కిన యేడింటిలో మూడు దుకాణములు మూతపడినవి. ఇద్దఱు ఆ వ్యాధిచే కాలము చేసిరి. ఇద్దఱు మాత్రము నేను ఉద్దెర నిరాకరించుటచే వేఱొక కొట్టునకు పోయిరి. ఆ నిరాకరణ జరిగినది డిసెంబరులో, 31 దినముల లెక్క నన్ను భయపెట్టుచున్నప్పుడు. ఒక కొలతను కాపాడుటకై మఱియొకదానిని విడువవలసివచ్చిన సందర్భమది. అన్నియు ఒకమాఱు నిలుచునని చెప్పువారిని నమ్మకుడు.

మాట కొలతలో సున్న ఉండవలసినచోట ఒకటి వచ్చినది. అదియే నన్ను ఎక్కువ బాధించినది. ఆగస్టు 10న సొమ్ము పంపెదనని తాండూరు మిల్లు యజమాని కొకనికి చెప్పితిని. ఆ దినమునకు సమకూడలేదు. రేపు చెప్పుదము, రేపు చెప్పుదమని అయిదు దినములు ఊరకుంటిని. సొమ్ము లేకపోవుట కంటె నోరు విప్పుట కష్టమైనది. ఇది నా అనుభవమే గాక, అప్పుపడిన యనేకుల యనుభవమని తలంచెదను. ఆఱవ దినమున ఆయనే ఫోను చేసెను. “అన్నా, పైసల కోసం కాదు. ఎన్నడు ఇట్ల సప్పుడు చేయకుండ ఉండవు గద, జరమొచ్చిందేమోనని భయమై చేసిన” అనెను. ఆ రాత్రి చివరి పుటలో ఒకటి యని వ్రాసితిని. ఆ యంకెను నేను వ్రాయకున్నచో ఎవ్వరికిని తెలియదు. ఆవర్జాలో దానికి చోటులేదు. ఆ నెల లాభనష్టములలో దానివలన దమ్మిడీ భేదము లేదు. ఆ తరువాత మాత్రము గడువునకు రెండు దినములు ముందుగానే ఫోను చేయుట అలవాటైనది.

ఇట్టి లెక్క నేను కనిపెట్టినది కాదు. అమెరికాలో 18వ శతాబ్దమున బెంజమిన్ ఫ్రాంక్లిను అను అచ్చుపనివాడుండెను. తరువాత ఆయన దేశనాయకులలో నొకడయ్యెను. ఆయన 13 సద్గుణములు ఏర్పరచుకొని, చిన్న పుస్తకములో వారమునకు ఏడు గడులు గీసికొని, తప్పిన దినమున నల్లని చుక్క పెట్టుకొనెడివాడట. తన జీవితచరిత్రలో దీనిని చెప్పుచు, వస్తువులను క్రమముగా నుంచుకొనుట తనకు చివరివఱకును చేతగాలేదని ఒప్పుకొనెను. నాకీ కథలో నచ్చినది గుణముల పట్టిక గాదు, ఆ యొప్పుకోలు. పట్టికలు గీయువారు లోకమున చాలమంది గలరు.

సంవత్సరాంతమున ఆవర్జా ప్రకారము మూలధనములో అయిదవ వంతు పోయినది. దీనిని చక్కగా చెప్పుటకు మార్గములేదు, పోయినదనియే చెప్పవలెను. మా తండ్రిగారు అంకె విని, “చివరి పుట చూపు” అనిరి. చూపితిని. తప్పినవానిని వేలితో నొక్కొక్కటిగా లెక్కించి, “మూయవలసిన కొట్టు కాదు” అనిరి. ఏ కొలతచే అట్లు నిర్ణయించిరో నేనడుగలేదు, వారును చెప్పలేదు.

2021 ఏప్రిలు 13న ఉగాది వచ్చెను. ప్లవ నామ సంవత్సరము. క్రొత్త పుస్తకము తెఱచి, చివరి పుటలో నాలుగు వరుసలు గీసితిని. ధర వరుసలో ఈమాఱు రూపాయిన్నర యనుటకు బదులుగా, బజారు హెచ్చినప్పుడు పాత సరుకును ఎట్లు అమ్మవలెనో ముందుగానే వ్రాసితిని: పల్లె దుకాణములకు సగము బస్తాలు కొన్న ధరపైని, తక్కినవి బజారు ధరకు. మే 12న రాష్ట్రమున మరల లాక్‌డౌను వచ్చినది. ఉత్తరదేశము పోయినవారిలో ముగ్గురు అప్పటికి తిరిగివచ్చియుండిరి. ఆ శనివారమున బియ్యపు సంచులు ఎన్ని కట్టవలెనని గుమాస్తా యడుగగా, ఏడని చెప్పితిని.